మాసిడోనియా కొండల్లో దళాల పోరు (1893–1908)

మాసిడోనియా అనగానే మనకు అలెగ్జాండరు గుర్తుకొస్తాడు. చిన్నప్పటి వాచకంలో చదువుకున్న పురుషోత్తముడి కథ గుర్తుకొస్తుంది. డిగ్రీ తరగతిలో ఆధునిక యూరపు చరిత్ర చదివేవాళ్ళకు ఆ పేరు మళ్ళీ ఒకసారి తగులుతుంది. 1878 బెర్లిన్ కాంగ్రెసు పాఠం అయిపోగానే పుస్తకం ఒక్క గంతు వేసి 1912 బాల్కన్ యుద్ధాల దగ్గర వాలుతుంది. మధ్యలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఏం జరిగిందీ అంటే, "ఆ ప్రాంతంలో అలజడులు చెలరేగెను" అని ఒక్క వాక్యం. పరీక్షకు ఆ వాక్యం చాలు. చరిత్రకు చాలదు. అందుకే ఈ సంచిక కోసం నేను ఆ ఒక్క వాక్యాన్నే విప్పి చెబుదామనుకున్నాను.

నేను చెప్పదలచుకున్న విషయం మొదటే చెప్పేస్తాను. తురుష్క సుల్తాను పాలన మీద ఎత్తిన తుపాకీ పదేళ్ళు తిరక్కుండానే పక్క ఊరి పంతులు మీదికీ పూజారి మీదికీ తిరిగింది. ఎత్తినవాళ్ళు దొంగలూ దోపిడీగాళ్ళూ అయితే ఇందులో నేర్చుకునేదేమీ లేదు. వాళ్ళలో చాలామంది చదువుకున్నవాళ్ళు, బడిపంతుళ్ళు. అది మనబోటివాళ్ళం ఆలోచించవలసిన సంగతి.

దేశమూ, మనుషులూ

అప్పటి మాసిడోనియా ఒక రాజ్యం కాదు. తురుష్క సామ్రాజ్యంలో సలోనికా, మొనాస్టిర్, కొసోవో అనే మూడు రాష్ట్రాల్లో పరచుకున్న ప్రాంతం. అక్కడ స్లావు భాష మాట్లాడే రైతులు, గ్రీకులు, తురకలు, అల్బేనియన్లు, వ్లాకులనే గొర్రెల కాపరులూ వర్తకులూ, జిప్సీలు కలిసి బతికేవారు. సలోనికా నగరంలోనైతే యూదుల సంఖ్యే ఎక్కువ. రకరకాల పళ్ళ ముక్కలు కలిపిన వంటకానికి ఫ్రెంచివాళ్ళు 'మాసెద్వాన్' అని పేరు పెట్టడానికి ఈ కలగలుపే కారణమని చెబుతారు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. తురుష్క ప్రభుత్వం ప్రజలను భాషనుబట్టి లెక్కపెట్టేది కాదు, మతాన్నిబట్టి లెక్కపెట్టేది. ఆర్థొడాక్సు క్రైస్తవులందరూ కాన్‌స్టాంటినోపుల్‌లోని పాట్రియార్క్ కింద ఒకే పద్దు. ఆ పాట్రియార్క్ పీఠం గ్రీకుల చేతుల్లో ఉండేది. 1870లో సుల్తాను ఒక ఫర్మానా ఇచ్చి ఎక్సార్కేట్ అనే బల్గేరియన్ చర్చిని వేరుచేశాడు. ఆ ఫర్మానాలో పదో నిబంధన ప్రకారం ఏ ప్రాంతంలోనైనా ఆర్థొడాక్సు జనంలో మూడింట రెండు వంతులమంది కోరుకుంటే ఆ ప్రాంతం కొత్త చర్చిలో చేరవచ్చు. 1872లో పాట్రియార్క్ ఆ చర్చిని వెలివేశాడు. అంతటితో ఒకే దేవుడు, ఒకే పూజావిధానం, రెండు చర్చిలు. ఏ చర్చిలో చేరితే ఆ జాతి కింద లెక్క. ఎక్సార్కేట్‌లో చేరితే బల్గేరియన్, పాట్రియార్క్ దగ్గర ఉండిపోతే గ్రీకు. ఇంట్లో మాట్లాడేది మాత్రం అదే భాష!

1878 మార్చిలో రష్యా గెలిచి సాన్ స్టెఫానో సంధి రాయించింది. అందులో మాసిడోనియాలో చాలా భాగం బల్గేరియాకు పోయింది. అయిదు నెలలు తిరక్కుండా బెర్లిన్ కాంగ్రెసులో పెద్ద రాజ్యాలు కూర్చుని దాన్ని మళ్ళీ సుల్తానుకు అప్పగించాయి. పోగొట్టుకున్నామని బల్గేరియా అనుకున్నది. ఇంకా ఆశ ఉందని గ్రీసు, సెర్బియా అనుకున్నాయి. ముగ్గురూ పొలం గట్ల దగ్గర కర్రలు పట్టుకునే ముందు బళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. సోఫియా డబ్బుతో ఒక బడి, ఏథెన్సు డబ్బుతో ఒక బడి, బెల్‌గ్రేడు డబ్బుతో ఇంకో బడి. వ్లాకుల కోసం రుమేనియా కూడా బళ్ళు తెరిచింది.

ఆ రోజుల్లో అక్కడ సహాయ శిబిరాల్లో పనిచేసిన బ్రెయిల్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు పత్రికా రచయిత 1906లో మాసిడోనియా గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. ఈయనే తర్వాత 1930లో మన దేశానికి వచ్చి స్వాతంత్ర్యోద్యమాన్ని సమర్థిస్తూ రాసినాయన. ఆయన ఒక పల్లెటూరి గురించి ఒక రైతు నోట విన్న సంగతి చెబుతాడు. ఆ ఊరు నాలుగేళ్ళ క్రితం దాకా గ్రీకు ఊరట, ఇప్పుడు బల్గేరియన్ ఊరట. అదెట్లా అని అడిగితే ఆ రైతు ఏ దాపరికమూ లేకుండా కారణం చెప్పాడు. గ్రీకు పంతులుకు తామూ కొంత జీతం ఇచ్చుకోవలసి వచ్చేది, పైగా పూజారి సరిగ్గా వచ్చేవాడు కాదు. బల్గేరియన్లు ఊళ్ళోనే ఉండే పూజారినీ, జీతం అడగని పంతులునీ ఇస్తామన్నారు. పేదవాళ్ళం కనుక బల్గేరియన్లమైపోయాం అన్నాడు.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి, "అయితే అసలు వాళ్ళు ఎవరండీ?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. కాని ఆ ప్రశ్నకు ఒకే ఒక్క జవాబు ఉండి తీరాలని పట్టుబట్టినవాళ్ళే ఆ తర్వాత తుపాకులు పట్టారని గుర్తుంచుకోవాలి.

పంతుళ్ళు పెట్టిన సంస్థ

1893 చివర్లో సలోనికాలో ఆరుగురు యువకులు కలిసి ఒక రహస్య సంస్థ పెట్టారు. అదే తర్వాత 'అంతర్గత మాసిడోనియా విప్లవ సంస్థ' అని పేరుపడింది. ఆరుగురిలో హ్రిస్టో తతార్చెవ్ డాక్టరు, ఇవాన్ హజినికొలొవ్ పుస్తకాల వ్యాపారి. దామె గ్రుయెవ్, పేతర్ పొపార్సొవ్ వంటి తక్కినవాళ్ళలో ఎక్కువమంది పంతుళ్ళు. మరుసటి ఏడు గోత్సె దెల్చెవ్ వచ్చి చేరాడు. కూకుష్ అనే ఊళ్ళో 1872లో పుట్టి, సోఫియా సైనిక పాఠశాల నుంచి బహిష్కృతుడై, ష్టిప్ పట్టణంలో పంతులుగా కుదిరిన యువకుడు. ఉద్యమానికి ప్రాణం పోసినవాడు ఆయనే అంటే అతిశయోక్తి కాదు.

వీళ్ళు చదువుకున్నదీ, చదువు చెప్పిందీ ఎక్సార్కేట్ బళ్ళలోనే. అయినా వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం మాసిడోనియాను బల్గేరియాలో కలపడం కాదు, స్వయంపరిపాలన. 1902 నాటి నిబంధనావళిలో జాతి భేదం లేకుండా ఆ ప్రాంతంలో అసంతృప్తితో ఉన్నవాళ్ళందరికీ తలుపులు తెరిచారు. ఊరూరా కమిటీ, ఉత్తరాలు మోసే మనుషులు, చందాలు, తగవులు తీర్చే సొంత న్యాయస్థానాలు. సభ్యుడు బైబిలు మీదా ఆయుధం మీదా చెయ్యి వేసి ప్రమాణం చేసేవాడు. కొండల్లో తిరిగే సాయుధ దళాన్ని 'చేతా' అనీ, దళనాయకుణ్ణి 'వోయివోడా' అనీ పిలిచేవారు. పగలు పన్ను కట్టించుకునేది సుల్తాను ప్రభుత్వం, రాత్రి చందా కట్టించుకునేది చేతా. ద్రోహి అన్న ముద్ర పడితే శిక్ష మరణమే. ఆ ముద్ర వేసేదీ, శిక్ష అమలుచేసేదీ ఒకే చెయ్యి కావడం మొదటినుంచీ ఉన్న ప్రమాదం.

మొదటి చీలిక

పోరు ముందు ఇంట్లోనే పుట్టింది. 1895లో సోఫియాలో మాసిడోనియా వలసదారులు 'సుప్రీం కమిటీ' అని ఇంకొకటి పెట్టారు. దాన్ని నడిపినవాళ్ళలో బల్గేరియా సైన్యాధికారులు ఎక్కువ. జనాన్ని కూడగట్టడానికి ఏళ్ళు పడుతుందని లోపలివాళ్ళు అంటారు. సరిహద్దు దాటి నాలుగు కాల్పులు జరిపితే యూరపు కళ్ళు తెరుస్తుందని బయటివాళ్ళు అంటారు. 1902 శరత్కాలంలో జనరల్ త్సొంచెవ్ మనుషులు గోర్నా జుమాయా ప్రాంతంలో తిరుగుబాటు లేవదీశారు. అది విఫలమైంది, దాని ఫలితం అక్కడి పల్లెలు అనుభవించాయి.

ఈ రెండు పక్షాల వైరానికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. 1901 సెప్టెంబరులో యానె సందాన్‌స్కీ దళం ఎల్లెన్ స్టోన్ అనే అమెరికన్ మిషనరీనీ, ఆమెతో ఉన్న కతెరీనా త్సిల్కా అనే గర్భిణినీ ఎత్తుకుపోయింది. ఆయుధాలు కొనడానికి డబ్బు కావాలి. సందాన్‌స్కీ దళం బందీలతో సహా తురుష్క సైన్యం నుంచి తప్పించుకు తిరుగుతుంటే, సుప్రీం కమిటీ పక్షానికి చెందిన దొంచొ దళం ఆ బందీలను తాము లాక్కుందామని వెంటపడింది! కతెరీనా కొండల్లోనే ఆడపిల్లను ప్రసవించింది. చివరికి 1902 ఫిబ్రవరిలో సుమారు 14,000 తురుష్క లీరాలు పుచ్చుకుని వాళ్ళను వదిలేశారు. దళం చేతిలో ఉన్న బందీ కోసం ఇంకో దళం కాచుకున్నదంటే విరోధం ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు.

1903: ఇలిన్‌డెన్

1903 జనవరిలో సలోనికాలో జరిగిన సభలో ఆ ఏడే సాధారణ తిరుగుబాటు చెయ్యాలని తీర్మానించారు. అప్పటికి సంస్థ పగ్గాలు ఇవాన్ గర్వానొవ్ చేతుల్లో ఉన్నాయి. జనం ఇంకా సిద్ధంగా లేరని దెల్చెవ్ వాదించాడు. ఆయన మాట సాగలేదు. ఏప్రిల్ నెలాఖరున సలోనికాలో కొందరు కుర్రవాళ్ళు ఒక ఫ్రెంచి ఓడనూ, ఒట్టోమన్ బ్యాంకునూ బాంబులతో పేల్చారు. మే 4న బానిత్సా గ్రామం దగ్గర తురుష్క సైనికులతో జరిగిన పోరులో దెల్చెవ్ చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్ళు.

ఆగస్టు 2న, అక్కడి క్రైస్తవులు ఏలీయా ప్రవక్త పండుగ చేసుకునే రోజున, తిరుగుబాటు మొదలైంది. ఆ పండుగ పేరే ఇలిన్‌డెన్. వ్లాకులు ఎక్కువగా ఉండే క్రుషెవొ పట్టణాన్ని తిరుగుబాటుదారులు పట్టుకుని, నికొలా కారెవ్ అనే పంతులు నాయకత్వంలో గణతంత్రం ప్రకటించారు. అది సుమారు పది రోజులు నిలిచింది. మెచ్‌కిన్ కామెన్ అనే చోట పీతు గూలి అనే వ్లాకు దళనాయకుడు తన మనుషులతో సహా పోరాడి నేలకొరిగాడు. తర్వాత ప్రతీకారం మామూలుగా జరగలేదు. సుమారు 200 గ్రామాలు తగలబడ్డాయి. వేలకొద్దీ కుటుంబాలు చలికాలం ముందు నిలువనీడ లేకుండా పోయాయి. ఎంతోమంది బల్గేరియాకు వలసపోయారు.

ఇక్కడిదాకా కథ ప్రజలకూ పాలకులకూ మధ్య పోరు. ఇక్కడినుంచి దారి మళ్ళింది.

ఒక నిబంధన చేసిన పని

1903 అక్టోబరులో ఆస్ట్రియా చక్రవర్తీ, రష్యా జారూ మూర్జ్‌ష్టెగ్ అనే చోట కలుసుకుని మాసిడోనియాకు సంస్కరణల పథకం తయారుచేశారు. విదేశీ అధికారుల కింద పోలీసు దళం, సివిల్ ఏజెంట్లు వగైరా. ఉద్దేశం మంచిదే. అందులో మూడో నిబంధన మాత్రం కొంప ముంచింది. శాంతి నెలకొన్న తర్వాత, జాతులు మరింత క్రమంగా కూడి ఉండేట్లుగా పరిపాలనా సరిహద్దులు సవరించాలని ఆ నిబంధన సారాంశం.

పొరుగు రాజ్యాలు దీన్ని ఎలా చదువుకుని ఉంటాయో చూడండి. రేపు గీత గీసేవాడు వస్తాడు. వచ్చేనాటికి ఏ ఊరు ఏ చర్చి పద్దులో ఉంటే ఆ గీతకు అవతలో ఇవతలో పడుతుంది. కనుక గీత పడేలోగా ఊళ్ళను మన పద్దులోకి మార్చుకోవాలి. దీనికి తోడు ఇన్‌స్పెక్టర్ జనరల్ హిల్మీ పాషా జనాభా లెక్కలు మొదలుపెట్టించాడు. పంతులూ, పూజారీ చెయ్యలేని పనిని తుపాకీకి అప్పగించారు.

గ్రీసు నుంచి దళాలు వచ్చాయి. కస్తోరియా బిషప్ గెర్మానొస్ కరవంగెలిస్ అప్పటికే రంగం సిద్ధం చేసి ఉంచాడు. 1904లో పావ్లొస్ మెలాస్ అనే ఫిరంగిదళ అధికారి వేషం మార్చుకుని సరిహద్దు దాటాడు. ఆ అక్టోబరులోనే స్టాటిస్టా గ్రామంలో తురుష్క సైనికులు చుట్టుముట్టినప్పుడు చనిపోయాడు. ఏథెన్సులో ఆయన మరణం పెద్ద ఊపు తెచ్చింది. తర్వాత నాలుగేళ్ళపాటు అధికారులూ, స్వచ్ఛంద సైనికులూ వరసగా వచ్చారు. ఆ ఊరి పేరు నేడు మెలాస్.

1905 వసంతంలో ఒక గ్రీకు దళం జగొరిచని అనే ఎక్సార్కేట్ గ్రామం మీద పడి అరవై మందికి పైగా చంపింది. ఇటు విప్లవ సంస్థ దళాలు కూడా పాట్రియార్క్ పక్షపు పూజారులనూ, పెద్దమనుషులనూ, పంతుళ్ళనూ ఏరి ఏరి చంపాయి. ఎవరి చేతులూ శుభ్రంగా లేవు.

యనిజె చిత్తడి సరస్సులో జరిగిన పోరు మరో ఘట్టం. రెల్లు దుబ్బుల మధ్య గుడిసెలు కట్టుకుని, నాటుపడవల మీద తిరుగుతూ అటు అపోస్తొల్ పెత్కొవ్ మనుషులు, ఇటు గ్రీకు దళాలు నెలల తరబడి పొంచి పొంచి కాల్చుకున్నారు. ఇద్దరికీ మలేరియా జ్వరమే. గ్రీకు నాయకుడు తెల్లొస్ అగ్రాస్ 1907లో అవతలి పక్షంవాళ్ళతో మాట్లాడి సయోధ్య కుదుర్చుకుందామని వెళ్ళాడు. వాళ్ళు ఆయన్నూ, వెంట వచ్చిన అనుచరుణ్ణీ పట్టుకుని చెట్టుకు ఉరివేశారు. ఆ సరస్సును తర్వాత ఎండగట్టారు, ఇప్పుడక్కడ పంటపొలాలున్నాయి.

ఉత్తరాన సెర్బియా దళాలు దిగాయి. వాటి నాయకుల్లో పేరున్న యోవన్ బబూన్‌స్కీ కూడా ఒకప్పుడు బడిపంతులే. గ్లిగర్ సొకొలొవిచ్ అనే మరో నాయకుడు మొదట విప్లవ సంస్థలో ఉండి తర్వాత సెర్బియా పక్షానికి మారినవాడు. గ్రీకు పక్షంలో వీరుడనిపించుకున్న కొత్తాస్ కూడా ఇటువంటివాడే. మాతృభాష స్లావు, మొదట ఉన్నది విప్లవ సంస్థలో, చివరికి గ్రీకు పక్షపు దళనాయకుడుగా 1905లో మొనాస్టిర్‌లో తురుష్కుల చేత ఉరితీయబడ్డాడు. పుట్టుకనుబట్టి పక్షం అనే సిద్ధాంతం వీళ్ళ జీవితాల ముందు నిలవదు.

మధ్యలో పడి నలిగినవాడు రైతు. ఈ రాత్రి వచ్చిన దళం ఎక్సార్కేట్‌కు రాజీనామా రాయమంటుంది. వచ్చే వారం వచ్చే దళం రాసినందుకు ఇల్లు తగలబెడుతుంది. ఆ మర్నాడు సైన్యం వచ్చి, ఇద్దరికీ అన్నం పెట్టినందుకు కొడుతుంది. శత్రువులు తమలో తాము చంపుకుంటుంటే తురుష్క అధికారులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు. వాళ్ళ పని సులువైంది.

లోపలి పోరు

దెల్చెవ్ పోయాక సంస్థ రెండుగా చీలింది. ఎడమ పక్షానికి సందాన్‌స్కీ, కుడి పక్షానికి బోరిస్ సరాఫొవ్, గర్వానొవ్. 1905లో రిలా మఠంలో జరిగిన మహాసభలో రాజీ ప్రయత్నం జరిగింది కాని అతుకు నిలవలేదు. 1906 డిసెంబరులో దామె గ్రుయెవ్ తురుష్క సైన్యంతో పోరులో చనిపోయాడు. ఇరుపక్షాలూ మన్నించే పెద్దమనిషి ఒకరు తగ్గారు. 1907 చివర్లో సందాన్‌స్కీ పక్షానికి చెందిన తొదర్ పనిత్సా సోఫియాలో సరాఫొవ్‌నూ, గర్వానొవ్‌నూ ఒకేసారి కాల్చి చంపాడు. ఆ లెక్క అక్కడితో ఆగలేదు. 1915లో సందాన్‌స్కీని చంపారు. 1925లో పనిత్సాను వియన్నాలో ఒక నాటకశాలలో ప్రదర్శన జరుగుతుండగా కాల్చి చంపారు. ద్రోహి ముద్ర వేసే అధికారం ఒకసారి చేతికొస్తే అది శత్రువు దగ్గర ఆగదు, సహచరుడి దాకా వస్తుంది.

పర్యవసానం

1908 జులైలో యువ తురుష్కుల విప్లవం వచ్చింది. రాజ్యాంగం, సమానత్వం అని ప్రకటించగానే అన్ని పక్షాల దళాలూ కొండలు దిగి వచ్చాయి. సలోనికా వీధుల్లో నిన్నటిదాకా కాల్చుకున్నవాళ్ళు కౌగిలించుకున్నారు. సందాన్‌స్కీ కూడా వచ్చాడు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. 1912లో బల్గేరియా, సెర్బియా, గ్రీసు, మాంటెనీగ్రో కలిసి తురుష్కులను తరిమాయి, 1913లో పంపకం దగ్గర తమలో తాము కొట్టుకున్నాయి. 1913 ఆగస్టు 10 నాటి బుకారెస్టు సంధిలో మాసిడోనియాలో సగం గ్రీసుకు, నలభై శాతానికి కొద్దిగా తక్కువ సెర్బియాకు, పదోవంతు బల్గేరియాకు దక్కింది. స్వయంపరిపాలన మాట ఎత్తినవాడు లేడు. దెల్చెవ్ పుట్టిన కూకుష్‌ను ఆ యుద్ధంలోనే గ్రీకు సైన్యం తగలబెట్టింది. అక్కడి జనం బల్గేరియాకు పారిపోయారు. నేడది గ్రీసులో కిల్కిస్ అనే పట్టణం.

దెల్చెవ్ అస్థికలకు కూడా స్థిమితం లేకపోయింది. కొంతకాలం సోఫియాలో ఉంచి, 1946లో స్కోప్యేకు తరలించారు. ఇప్పుడవి అక్కడి స్వేతి స్పాస్ చర్చి ఆవరణలో ఉన్నాయి. 2018లో గ్రీసుతో కుదిరిన ప్రెస్పా ఒప్పందం ప్రకారం ఆ దేశం 2019లో 'ఉత్తర మాసిడోనియా' అని పేరు మార్చుకున్నది. 2017లో బల్గేరియాతో చేసుకున్న స్నేహ ఒప్పందం ప్రకారం ఇరుదేశాల చరిత్రకారులతో ఒక సంఘం వేశారు. దెల్చెవ్ బల్గేరియనా, మాసిడోనియనా అన్న వాదం అక్కడ తెగలేదు. 2020లో బల్గేరియా ఇటువంటి చరిత్ర వివాదాలనే ముందుపెట్టి ఐరోపా సమాఖ్యలో ఆ దేశ ప్రవేశ చర్చలకు అడ్డు చెప్పింది. చనిపోయి నూరేళ్ళు దాటినా ఆ పంతులును ఇంకా ఏదో ఒక పద్దులో రాయాలనే చూస్తున్నారు.

విద్యార్థులకు ఒక మాట

ఈ పదిహేనేళ్ళ చరిత్రను గ్రీకు పుస్తకాలు 'మాసిడోనియా పోరాటం' అంటాయి. సోఫియా, స్కోప్యే పుస్తకాలు దాన్నే 'గ్రీకు సాయుధ ప్రచారం' అంటాయి. ఒక పుస్తకంలో వీరుడు ఇంకో పుస్తకంలో హంతకుడు. ఒక్క పుస్తకమే చదివినవాడికి అనుమానం రాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడికి వస్తుంది. ఆ అనుమానమే చరిత్ర విద్యార్థికి తొలి అర్హత అని నేననుకుంటాను.

మన పత్రికల్లో రాష్ట్రాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా 'బాల్కనైజేషన్' అనే మాట వాడేస్తుంటారు. రకరకాల జనం ఒకచోట ఉండడమే దానికి కారణమైనట్టు మాట్లాడతారు. నిజానికి ఆ రకరకాల జనం అన్ని వందల ఏళ్ళూ, కష్టమో సుఖమో, ఒకే సంతలో అమ్ముకుని కొనుక్కుని బతికారు. ప్రతి ఊరూ ఒకే పద్దులో పడాలని బయటివాళ్ళు పట్టుబట్టడం, ఆ పద్దు రాయడానికి ఊళ్ళోని చదువుకున్నవాడు ఒప్పుకోవడం, ఆ తర్వాత అదే చేత్తో ద్రోహుల జాబితా రాయడం — కొంప కూలింది ఈ వరసలోనే.

గ్రుయెవ్, దెల్చెవ్, కారెవ్, బబూన్‌స్కీ అందరూ ఒకప్పుడు సుద్దముక్క పట్టినవాళ్ళే. వాళ్ళ సాహసం తక్కువ చెయ్యడానికి వీల్లేదు. ఆ పల్లెల్లో న్యాయం లేదు, భూమి లేదు, ప్రాణానికి విలువ లేదు. తిరగబడడానికి వాళ్ళకు కారణం ఉంది. కాని బళ్ళోకి వచ్చిన పిల్లవాణ్ణి నీ పేరేమిటని అడగడానికి ముందే నీది ఏ పద్దు అని అడగడం మొదలైన రోజున, ఆ ఊళ్ళో పోరు సగం మొదలైనట్టే. రేపు మనలో చాలామంది పంతుళ్ళవుతారు, గుమాస్తాలవుతారు, జనాభా లెక్కల కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ కాగితంలో గడి నింపేటప్పుడు ఎదుటివాడు చెప్పింది రాయండి. మనకు కావలసింది రాయకండి.